‘ద హోల్ నైన్ యార్డ్స్’ మన తొమ్మిది గజాల చీర నుంచి వచ్చిందా?

మీ ప్రశ్న మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెబుతాను. డాలస్‌లో ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయి స్కూల్లో చీరల గురించి మాట్లాడాలి. అమెరికావాళ్లు ‘మొత్తం, అంతా, ఏమీ మిగల్చకుండా’ అనే అర్థంలో వాడే ‘ద హోల్ నైన్ యార్డ్స్’ అన్న నానుడి మన తొమ్మిది గజాల చీర నుంచే పుట్టిందని వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. దాన్ని మొదటి స్లైడ్‌లో పెట్టొచ్చా అని అడిగారు.

పెట్టకండి. చీరకీ ఆ నానుడికీ సంబంధం ఉందని చూపించే కాగితం ముక్క ఒక్కటి కూడా ఇంతవరకూ బయటపడలేదు, పైగా దొరికిన ఆధారాలన్నీ వేరే దిక్కుకి వేలు చూపిస్తున్నాయి. పిల్ల నలుగురి ముందు నిలబడి చెప్పాక ఎవరో ఒక టీచర్ ఫోన్‌లో చూసి ‘అది నిజం కాదమ్మా’ అంటే, ఆ తర్వాత ఆ అమ్మాయి చెప్పే నిజాల్ని కూడా అనుమానంగానే వింటారు. నాకు బాధ కలిగించేది అదే.

నేను పాతికేళ్లుగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను, మధ్యలో కొన్నేళ్లు పాఠాలు కూడా చెప్పాను. నానుడి ఎదురైనప్పుడల్లా దాని పుట్టుక వెతకడం పనిలో భాగం అయిపోయింది. ఈ మాట గురించి నేనూ చాలాకాలం క్లాసులో యుద్ధవిమానాల తూటాల బెల్టు కథే చెప్పాను, ఎందుకంటే నాకు చెప్పినవాళ్లు అంత నమ్మకంగా చెప్పారు. తర్వాత అసలు సంగతి చదివాక, అప్పటికే అది విని వెళ్లిపోయిన పిల్లలందరికీ ఎలా చెప్పాలా అని చాలా రోజులు మనసులో పెట్టుకున్నాను. అందుకే ఈ జవాబు కొంచెం పొడవుగానే రాస్తున్నాను.

ఇంగ్లీషులో ‘యార్డ్’ అనే మాటకి ఒకటి కాదు, చాలా అర్థాలున్నాయి. గుడ్డ కొలిచే గజం ఒకటి. తెరచాప ఓడలో స్తంభానికి అడ్డంగా కట్టి చాపని వేలాడదీసే దూలం ఇంకొకటి. ఇంటి పెరడు, జైలు ఆవరణ కూడా యార్డే. కాంక్రీటు వ్యాపారంలో ఘనగజాన్ని కూడా ఉత్తి యార్డ్ అనే అంటారు. మాట ఒకటే, అర్థాలు అన్ని కాబట్టి ఎవరి వృత్తి వాళ్లు అందులోకి దూర్చేశారు. ఫైటర్ విమానాల మనుషులు ఏమంటారంటే, రెండో ప్రపంచయుద్ధంలో మెషిన్‌గన్ తూటాల బెల్టు 27 అడుగులు, అంటే తొమ్మిది గజాలు ఉండేదని, శత్రువు మీద మొత్తం ఖాళీ చేసి వచ్చిన పైలట్ ‘తొమ్మిది గజాలూ ఇచ్చేశాను’ అనేవాడని. కాంక్రీటు లారీవాళ్లు మా లారీలో తొమ్మిది ఘనగజాలు పడుతుందంటారు. ఓడలవాళ్లు మూడు స్తంభాలు, స్తంభానికి మూడు దూలాలు, మొత్తం తొమ్మిది అని లెక్క చెబుతారు. స్కాట్లాండ్ వాళ్ల కిల్టు, పెద్దమనిషి సూటు, శవానికి చుట్టే గుడ్డ, అన్నిటికీ తొమ్మిది గజాలే పట్టిందట. మన చీర ఈ వరసలో ఆలస్యంగా వచ్చి కూర్చుంది, అంతే.

ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి. ఒక మాట ఫలానా దాన్నుంచి పుట్టిందని ఎవరైనా చెబితే నేను రెండే అడుగుతాను. ఆ మాట అన్నిటికంటే ముందు ఎక్కడ, ఏ సంవత్సరంలో అచ్చయింది? ఆ ఊళ్లో, ఆ రోజుల్లో, మీరు చెప్పే వస్తువు జనం నోట్లో నానుతోందా? ఈ రెండిటికీ జవాబు లేకపోతే కథ ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే.

ఈ నానుడి విషయంలో మొదటి ప్రశ్నకి జవాబు దొరకడానికే దశాబ్దాలు పట్టింది. ‘న్యూయార్క్ టైమ్స్’లో భాష మీద కాలమ్ రాసిన విలియమ్ సఫైర్ దీని గురించి పాఠకుల్ని మళ్లీ మళ్లీ అడిగాడు, ఉత్తరాలు బోలెడు వచ్చాయి, ఎవరి కథ వాళ్లదే. చాలాకాలం పాటు అందరి దగ్గరా ఉన్న పాత ఆధారాలు 1960ల నాటివే, అందులో వియత్నాం యుద్ధంలోని అమెరికా వైమానిక దళం వాళ్ల నోటి నుంచి వచ్చినవి కొన్ని. తూటాల బెల్టు కథకి అంత బలం రావడానికి కారణం అదే అనుకుంటాను, చాలామంది ఈ మాట మొదట విన్నది సైనికుల దగ్గరే కాబట్టి.

తర్వాత పాత పేపర్లన్నీ స్కాన్ అయి కంప్యూటర్లో వెతికే వీలు వచ్చింది. వీలంటే బటన్ నొక్కితే జవాబు రాలిపోతుందని కాదండి. ‘నైన్ యార్డ్స్’ అని కొట్టి చూడండి, గౌన్ల గుడ్డ తొమ్మిది గజాలు ఇంత ధర అనే బట్టల కొట్ల ప్రకటనలే పేజీలకి పేజీలు వస్తాయి. వాటికి తోడు మసకబారిన అక్షరాల్ని యంత్రం తప్పుగా చదివినవి. ఆ చెత్తంతా ఓపిగ్గా చేత్తో ఏరుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట గుడ్డ ఊసే లేని వాక్యంలో ఆ మాట కనబడుతుంది. ఈ పని చేసినవాళ్లలో ఎక్కువమంది జీతానికి చేసినవాళ్లు కాదు. నార్త్ కరోలైనాలో న్యూరోసైన్స్ పరిశోధకురాలైన బోనీ టేలర్-బ్లేక్ తన తీరిక సమయంలో వెతికింది. యేల్ యూనివర్సిటీలో లా లైబ్రేరియన్, కొటేషన్ల నిఘంటువు సంపాదకుడు ఫ్రెడ్ షపీరో ఇంకోవైపు నుంచి వెతికాడు. వీళ్లంటే నాకు చాలా గౌరవం.

ఇలా ఒక్కో ఏడాదీ వెనక్కి వెళ్లారు. 1964 ఏప్రిల్‌లో అమెరికా అంతరిక్ష సంస్థలో వాడే యాస మీద ఒక పత్రికా వ్యాసం వచ్చింది, అందులో ఈ మాటకి ‘ఏదైనా ప్రాజెక్టు గురించి ఒక్కో అంశమూ వరసపెట్టి చెప్పే రిపోర్టు’ అని అర్థం ఇచ్చారు. 1962లో ఒక చిన్న కథలో కనబడింది. 2012లో టేలర్-బ్లేక్ ఒక పెద్ద అంగ వేసింది, కెంటకీ రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ వేటగాళ్ల కోసం వేసే పత్రికలో 1956, 1957 సంచికల్లో దీన్ని పట్టుకుంది. 1956 సంచికలో చేపలు పట్టే పోటీ బహుమతుల వివరాలు చెప్పుకొచ్చి, చివర ‘ఇదీ హోల్ నైన్ యార్డ్స్’ అని ముగించారు. విమానాలు లేవు, తూటాలు లేవు, ఓడలు లేవు. చేపలు.

ఆ వెంటనే షపీరోకి ఇంకో వింత దొరికింది. అదే కెంటకీలో మౌంట్ వెర్నన్ అనే చిన్న ఊరి పేపర్లో 1912లో ‘ద హోల్ సిక్స్ యార్డ్స్’ అని ఉంది. తొమ్మిది కాదు, ఆరు. రిపబ్లికన్ పార్టీలో మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కీ అప్పటి అధ్యక్షుడు టాఫ్ట్‌కీ చెడింది కదా, గొడవ ముదిరితే ‘మొత్తం ఆరు గజాలూ’ వాళ్లే బయటపెడతారు చూడండి అని ఒకచోట. ఈ వారం ఊళ్లో లేకపోవడం వల్ల వార్తలు అందలేదు, వచ్చే వారం ‘మొత్తం ఆరు గజాలూ’ ఇస్తామని ఇంకోచోట. 1921లో సౌత్ కరోలైనాలోని స్పార్టన్‌బర్గ్ పేపర్లో బేస్‌బాల్ వార్తకి శీర్షికే అది.

దీంతో చాలా కథలు ఒక్కసారిగా కూలిపోయాయి. ఆరు గజాలు కూడా చెల్లుతున్నాయంటే ఇక 27 అడుగుల బెల్టు ఏమైనట్టు? తొమ్మిది దూలాల ఓడ ఏమైనట్టు? అంకె మార్చినా అర్థం మారడం లేదంటే, ఆ అంకె కచ్చితంగా కొలిచిన ఏ ఒక్క వస్తువు నుంచీ వచ్చినది కాదన్నమాట. షపీరో అప్పట్లో ఏమన్నాడంటే, ఇలాంటి మాటల్లో అంకెలు కాలంతో పాటు పెరుగుతూ పోతాయని, ఇంగ్లీషులో సంతోషంతో తేలిపోవడాన్ని ఒకప్పుడు ఏడో మేఘం మీద ఉన్నానని కూడా అనేవారు, ఇప్పుడు తొమ్మిదో మేఘమే మిగిలింది, అలాగే ఆరు గజాలు తొమ్మిది అయ్యాయని. నాకు ఆ వాదన చాలా నచ్చింది, కొన్నాళ్లు అదే అందరికీ చెప్పాను కూడా.

అది కూడా నిలవలేదు. కొద్దికాలానికే ఇండియానా రాష్ట్రం దక్షిణాన మిచెల్ అనే చిన్న ఊరి పేపర్ ‘మిచెల్ కమర్షియల్’ పాత సంచికలు బయటపడ్డాయి. 1907 మే 2న ఊరి బేస్‌బాల్ జట్టుకీ వ్యాపారస్తులకీ ఆట ఉంది, వ్యాపారస్తులు తట్టుకోగలిగినన్ని ఇన్నింగ్స్ ఆడతారు కానీ ‘ఫుల్ నైన్ యార్డ్స్’ ఉంటుందని మేం హామీ ఇవ్వలేం అని రాశారు. మరుసటి ఏడాది 1908 జూన్ 4న అదే పేపర్లో, ఊళ్లో ఒకాయన చేపలకి వెళ్లొచ్చి పెద్ద కథ మోసుకొచ్చాడు, నిలబడి వినడం మావల్ల కాదు, ఎవరైనా ఏమీ తెలియనివాడు దొరికిన రోజున వాడికి ‘హోల్ నైన్ యార్డ్స్’ వినిపిస్తాడులే అని ఉంది. అంటే తొమ్మిది 1907లో, ఆరు 1912లో. ఏది ముందో, ఏది తర్వాతో తేల్చడానికి అయిదేళ్ల తేడా చాలదు గానీ, ఆరు పెరిగి తొమ్మిది అయిందని ఇక గట్టిగా చెప్పలేం. రెండూ పక్కపక్కనే బతికాయని మాత్రం చెప్పొచ్చు.

ఇప్పుడు తేదీల్ని కథల పక్కన పెట్టి చూడండి. 1907లో ఫైటర్ విమానం అనేదే లేదు, రెండో ప్రపంచయుద్ధం మొదలవడానికి ఇంకా మూడు దశాబ్దాలు ఉంది. కాంక్రీటు లారీ సంగతైతే మరీ స్పష్టం, 1962లో కూడా అమెరికా మొత్తం మీద మిక్సర్ లారీ సగటు 6.24 ఘనగజాలేనని ఆ వ్యాపారం వాళ్ల పత్రికే 1964లో రాసుకుంది, అంతకు కొన్నేళ్ల ముందైతే నాలుగున్నరే మామూలట. అమెరికన్ ఫుట్‌బాల్ అని కొందరంటారు. ఆ ఆటలో ముందుకు నెట్టాల్సింది పది గజాలు, తొమ్మిది దగ్గర ఆగితే ఓడినట్టే, అది ‘మొత్తం’ ఎలా అవుతుంది? ఓడల సంగతికి వస్తే, పెద్ద ఓడల్లో స్తంభానికి మూడు కంటే ఎక్కువ దూలాలే ఉండేవి, పైగా ఇండియానా ఊళ్లకి సముద్రం వందల మైళ్ల దూరం.

మరి చీర? మీరు ఇక్కడ ఒక మాట అనొచ్చు, ఆరు గజాలు, తొమ్మిది గజాలు రెండూ చీర కొలతలే కదా అని. నిజమే, నాకూ మొదట ఒళ్లు జలదరించింది. మా అమ్మమ్మ మడి చీర తొమ్మిది గజాలు, పెరట్లో దండెం మీద ఆరేస్తే రెండు కొసలూ కలిపి మడత పెట్టడానికి నన్ను అటు చివర పట్టుకోమనేది, నేను గోడ దాకా వెనక్కి నడిచేవాణ్ణి. అమ్మ చీర ఆరు గజాలు, దానికి అంత దూరం నడవక్కర్లేదు. ఈ రెండు అంకెలూ నా చేతులకి అలవాటు. కానీ 1907లో మిచెల్‌లోనో మౌంట్ వెర్నన్‌లోనో ఒక రైతు చీర కొలత తెలుసుకుని, దాన్ని ఊరి పేపర్లో వివరణ లేకుండా వాడేంత మామూలు మాటగా మార్చుకున్నాడంటే నమ్మే దారి లేదు. నిజంగా చీర నుంచే వచ్చి ఉంటే, ఆ మాట ముందు మద్రాసులోనో బొంబాయిలోనో తెల్లవాళ్లు రాసిన ఇంగ్లీషులో కనబడాలి, తర్వాత లండన్ మీదుగా అమెరికా చేరాలి. అలాంటి జాడ లేదు.

జాడ ఉంటే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లీషులో ‘బాండికూట్’ అనే మాట మన పందికొక్కే. 1886లో అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో దాన్ని తెలుగు మాట అని చెప్పి, అంతకుముందు ఎవరెవరు ఎలా రాశారో వాక్యాలతో సహా చూపించారు. ఆ పేరే తర్వాత ఆస్ట్రేలియాలో వేరే జంతువుకి అంటుకుంది. ఇక్కడి మాట ఇక్కడ ఇంగ్లీషువాళ్ల రాతల్లో మొదలై, దారిలో అడుగుల గుర్తులు వదులుతూ వెళ్లింది. చీర నానుడికి ఒక్క అడుగు గుర్తూ లేదు.

గుడ్డకి అసలు సంబంధమే లేదా అంటే, లేదని మాత్రం అనను. 1855 జనవరిలో ఇండియానాలోనే న్యూ ఆల్బనీ అనే ఊరి పేపర్లో ఒక హాస్యకథ వచ్చింది, దాని పేరు ‘జడ్జిగారి పెద్ద చొక్కా’. మూడు చొక్కాలకి సరిపడా గుడ్డ తెమ్మంటే, తొమ్మిది గజాల గుడ్డ మొత్తం పెట్టి ఒకే చొక్కా కుట్టేసిందని అందులో ఒకచోట వాపోతారు. అక్కడ ‘హోల్ నైన్ యార్డ్స్’ అనేది అక్షరాలా గుడ్డే, నానుడి కాదు. ఆ కథ నోటికీ నోటికీ పాకి, అర్ధశతాబ్దం తర్వాత నానుడిగా తేలిందా? కొందరు అలా అనుకుంటున్నారు. న్యూ ఆల్బనీ, మిచెల్ రెండూ దక్షిణ ఇండియానాలోనివే, ఓహియో నది దాటితే కెంటకీ. దొరికిన పాత ఆధారాలు ఎక్కువగా ఈ చుట్టుపక్కలే గుమిగూడటం నా దృష్టిలో చాలా ముఖ్యమైన సంగతి. కానీ 1855కీ 1907కీ మధ్య యాభై ఏళ్ల ఖాళీ ఉంది, ఆ ఖాళీలో ఒక్క వాక్యం దొరికేదాకా చొక్కా కథని కూడా ‘కావచ్చు’ దగ్గరే ఆపాలి.

ఆపడం ఎంత కష్టమో ఇంకో సంగతి చెబుతాను. అమెరికా మొదటి ఏడుగురు వ్యోమగాముల్లో ఒకడైన గస్ గ్రిసమ్ పుట్టింది ఏ ఊళ్లో అనుకున్నారు? 1926లో, ఇదే మిచెల్‌లో. 1964 నాటికి ఈ మాట అంతరిక్ష సంస్థ యాసలో ఉంది. రెండూ పక్కపక్కన పెడితే ఎంత అందంగా అతుకుతాయో చూడండి, ఊరి మాటని వ్యోమగామి వెంట తీసుకెళ్లాడని ఒక్క వాక్యం రాస్తే రేపటికి ప్రపంచమంతా ఫార్వర్డ్ అవుతుంది. కానీ గ్రిసమ్ ఈ మాట అన్నట్టు నేను ఎక్కడా చదవలేదు. చీర కథ కూడా సరిగ్గా ఇలాగే తయారైంది, రెండు నిజాలు పక్కపక్కన పెట్టి మధ్యలో ఊహతో కుట్టేశారు.

నా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాను, దాన్ని అభిప్రాయంగానే తీసుకోండి. పాత వాక్యాలు మళ్లీ చదివితే చాలావాటిలో విషయం ‘చెప్పడమే’. చేపల కథ చెప్పడం, పార్టీ గుట్టు చెప్పడం, వచ్చే వారం వార్తలు చెప్పడం, ప్రాజెక్టు రిపోర్టు చెప్పడం. పొడవైన మాటల్ని పొడవైన గుడ్డలా గజాల్లో కొలిచారనిపిస్తుంది. మనం చాంతాడంత లిస్టు అంటాం, ఇంకా పొడవైతే కొండవీటి చాంతాడు అంటాం, అప్పుడు ఎన్ని బారల తాడు అని ఎవరూ అడగరు. ఆరైనా తొమ్మిదైనా వాళ్లకి చెల్లింది అందుకేనేమో.

అంకె వెనక నిజంగా కొలత ఉన్న నానుడి ఎలా ఉంటుందో కూడా మన దగ్గరే ఉంది. ‘పదహారణాల తెలుగమ్మాయి’ అంటాం. రూపాయికి పదహారు అణాలు, 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా అదే లెక్క, కాబట్టి పదహారణాలంటే ఏ లోటూ లేని నిండు రూపాయి. అక్కడ పన్నెండణాలు అంటే అర్థం చెడిపోతుంది, తక్కువైందని అర్థం వస్తుంది. తొమ్మిది గజాల మాటకి ఆ కట్టుబాటు లేదు, ఆరు అన్నా నిండుగానే ఉంది. తేడా అక్కడ తెలిసిపోతుంది.

మీ అమ్మాయి స్లైడ్ సంగతి. నానుడిని శీర్షికగా పెట్టుకోవచ్చు, తొమ్మిది గజాల చీర చూపిస్తూ ‘ద హోల్ నైన్ యార్డ్స్’ అనడం చక్కటి శ్లేషే, అమెరికా పిల్లలకి వెంటనే అందుతుంది. కింద ‘ఈ మాట చీర నుంచి పుట్టింది’ అనే వాక్యం ఒక్కటి తీసేయండి, చాలు. మన గుడ్డకీ ఇంగ్లీషుకీ ఉన్న నిజమైన బంధం చూపించాలని ఉంటే మచిలీపట్నం గురించి పెట్టమనండి. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ అక్కడ లంగరు వేసింది, తర్వాత ఆ తీరంలో చేత్తో రంగులద్దిన నూలు గుడ్డలు ఇంగ్లండ్ చేరాయి, అక్కడివాళ్లు వాటిని ‘చింట్జ్’ అన్నారు. హిందీ ‘ఛీంట్’ నుంచి వచ్చిన మాట అది. అక్కడి నేతగాళ్లు, ఊలు వ్యాపారులు గోల పెడితే పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో ఇంకా కఠినంగా ఇంకోసారి ఇలాంటి గుడ్డల మీద నిషేధం పెట్టింది. మచిలీపట్నం పక్కన పెడనలో ఇప్పటికీ కలంకారీ అద్దుతున్నారు, ఇంట్లో ఒక చీరో దుప్పట్టానో ఉంటే ఆ రోజు స్కూలుకి ఇచ్చి పంపండి, పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు.